మార్చి నెల, మూడు సినిమాలు

ఇప్పుడు సినిమా వార్తల్లో సగం పాత సినిమాల వార్తలే. 2025 అక్టోబర్ 31న బాహుబలి రెండు భాగాలనూ కుదించి ఒక్కటిగా అతికించి ‘బాహుబలి ది ఎపిక్’ అని వదిలారు. సరిగ్గా రెండు వారాలకు, నవంబర్ 14న, ‘శివ’ 4కేలో వచ్చింది. అదే ఏడాది మే నెలలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, ‘ఖలేజా’ వచ్చిపోయాయి. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్ళీ వేసినప్పుడు ఇదేదో ఒక్కరోజు సంబురం అన్నారు చాలామంది. అది కాస్తా ఏడాది పొడుగునా సాగే వ్యాపారమైంది. 2025 నవంబర్‌లోనే ఐబొమ్మ పైరసీ కేసులో అరెస్టు జరిగితే, కరీంనగర్‌లో ఏ చాయ్ హోటల్ కాడ నిలబడ్డా వారం రోజులు అదే ముచ్చట. కొత్త సినిమా ఎట్లుందని అడిగినోళ్ళు మాత్రం తక్కువ.

‘శివ’కు నేనూ పోయిన. 1989 నాటి శబ్దాన్ని డాల్బీ అట్మాస్‌కు కొత్తగా మలిచారంటే, ఇళయరాజా నేపథ్య సంగీతం విందామని ఆశ. నాకు వినిపించింది పక్క సీటు పిల్లగాని ఈల. సినిమా వచ్చిన నాటికి ఆ పిల్లగాడు పుట్టనే లేదు, వాళ్ళ నాన్నే బడికి పోయే వయసులో ఉండి ఉంటాడు. సైకిల్ చైన్ తెంపే సీన్ వచ్చేసరికి హాలంతా సెల్‌ఫోన్ లైట్లు లేచినయి, తెర ముందట కాయితాలు ఎగిరినయి. తప్పు పట్టను. రీరిలీజ్ అంటే జాతర. మొక్కు తీర్చుకొని రావాలె, దేవుణ్ణి నిమ్మళంగా చూస్తానంటే కుదరదు.

ఇంట్ల కూసొని మళ్ళీ చూసుడు వేరే పని. మొదటిసారి కథ మనల్ని గుంజుకపోతుంది, ఎటూ చూడనియ్యదు. రెండోసారి ఏం జరగబోతుందో తెలుసు గనుక కండ్లు పక్కకు తిరుగుతయి, చెవులు తెరుచుకుంటయి. నేను హీరో పేరు పట్టి పాత సినిమాలు చూడను. ఒక నెల పట్టుకొని, ఆ నెలలో ఏమేం వచ్చినయో వరుసగా చూస్తా. ఈమధ్య పట్టుకున్నది 2023 మార్చి.

ఆ నెల మన వైపు వాళ్ళకు మామూలు నెల కాదు. మార్చి 3న సిరిసిల్ల మనిషి వేణు యెల్దండి తీసిన ‘బలగం’ వచ్చింది. మన లెక్క ప్రకారం 13 తేదీ పొద్దున ‘ఆర్ఆర్ఆర్’ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పాటలో ఎగిరిన ఇద్దరిలో ఒకరు తెర మీది కొమురం భీం, అంటే ఆదిలాబాద్ అడవి మనిషి. 30న ‘దసరా’ వచ్చింది. అందులోది సింగరేణి బొగ్గు బాయిల పక్కన ఉన్నట్టు చూపించిన వీర్లపల్లి. నేత నేసే నేల, గోండుల అడవి, బొగ్గు మసి: పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు ఒకే నెలలో మూడు తీర్ల సినిమా వార్తలకెక్కినయి. అప్పుడు ఎవరూ దీన్ని జత చేసి చూడలేదు. కలెక్షన్ల లెక్కల్లో పడి కొట్టుకపోయినం.

‘బలగం’ ఈసారి అవ్వతో కలిసి చూసిన. సినిమా మొదట్లో కొమురయ్య ఊరంతా తిరుగుతూ కనబడ్డవాళ్ళందరితో పరాచికాలాడుతుంటాడు. థియేటర్‌లో మొదటిసారి చూసినప్పుడు అందరం నవ్వినం. ముసలాయన పోతాడని తెలిసి చూస్తే, ఆ ఒక్కొక్క మాటా ఆయన అప్పగింతలు చెప్పుకుంటున్నట్టు వినబడుతుంది. సుధాకర్ రెడ్డి నటనలో గొప్పతనం కూడా అక్కడే ఉంది. పోయే మనిషిని అన్న ఎరుక ఆయన ముఖంలో ఎక్కడా పెట్టలేదు. పెట్టి ఉంటే మనం ముందే ఏడ్చి, తర్వాత ఏడ్వడానికి ఏం మిగలకపోయేది.

నల్లిబొక్క పంచాయితీ కాడ అవ్వ రిమోట్ అడిగింది, ఆపమని.

“బొక్క కాడ కొట్లాడింది ఎవలు బిడ్డా? బామ్మర్దులు, బావ. మరి ఇరవై ఏండ్లు తల్లిగారింటికి దూరమైంది ఎవలు?”

లచ్చిమి అన్న.

“గదీ. బాపు సచ్చిపోతెనే కడప దొక్కింది. పిట్ట ముడుతలేదంటే ముడుతదా మరి?”

ఈ ముక్క నేను చదివిన ఏ రివ్యూలోనూ లేదు. పిండాన్ని పిట్ట ముట్టలేదంటే కొమురయ్య ఆత్మ శాంతించలేదు, కుటుంబం ఒక్కటి కావాలి అనే రాశారు అందరూ. కొడుకులిద్దరు ఐలయ్య, మొగిలయ్య, అల్లుడు నారాయణ, ముగ్గురి పట్టింపుల నడుమ ఆడిబిడ్డ నలిగిపోయిన కథ ఇది. రూపా లక్ష్మికి ఫిల్మ్‌ఫేర్ సహాయనటి అవార్డు ఇచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలిసే ఉండాలె.

మళ్ళీ చూస్తే బలహీనతలు కూడా బయటపడతయి. కొమురయ్య మనవడు సాయిలు అప్పుల గోస, పెండ్లి తంతు, సంధ్య మీద మనసు పడుడు, ఈ దారం మధ్యమధ్య వదులైపోతుంది. అయితే నవ్వు ఎక్కడ ఆపాలో వేణుకు బాగా తెలుసు. ఆ చదువు ఆయనకు ‘జబర్దస్త్’లో అబ్బింది. ‘వేణు వండర్స్’ పాత స్కిట్లు యూట్యూబ్‌లో ఉన్నయి, తీసి చూడండి. ‘మున్నా’లో టిల్లుగా నవ్వించి, టీవీలో నిమిషాల లెక్కన పంచ్ పేల్చడం నేర్చిన మనిషి, సావు ఇంట్లో ఎవడు ఎప్పుడు నోరు జారుతాడో అంత కచ్చితంగా ఎట్లా పట్టుకున్నాడో అర్థమైతది. ఆయన తర్వాతి సినిమా ‘ఎల్లమ్మ’ మీద హీరో పేరు మార్చి మార్చి ఎన్ని వార్తలు రాశారో లెక్కలేదు. నాకు హీరో కంటే ఆ కథలో ముసలోళ్ళు ఎవరన్నదే ఆసక్తి.

‘బలగం’ ఆఖరి పాట గురించి ఒక్క మాట. పాడింది బుడగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. ఆ పాటకు ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చినయి. మొగిలయ్య కిడ్నీలు చెడి 2024 డిసెంబర్‌లో పోయాడు. ఇప్పుడు ఆ పాట పెడితే ఆయన గొంతే ఆయన సావుకు పాడినట్టుంటది. అవ్వ టీవీ ఆపేయమన్నది, ఆపేసిన.

ఇంకొక సంగతి మరిచిపోవద్దు. రిలీజై మూడు వారాలకే సినిమా ఓటీటీకి వచ్చింది. దాంతో ఊళ్ళల్ల సర్పంచులు, యువజన సంఘాలవాళ్ళు గుడ్డ కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ఊరందరికీ వేసి చూపించిండ్రు. నిర్మాతల తరఫున నిజామాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు పోయింది. చట్టం చూస్తే హక్కు నిర్మాతదే, నేను కాదనను. కానీ డేరా టాకీసులు పోయినంక ఊరు ఊరంతా ఒక్క కాడ సాపలు పరుచుకొని కూసున్నది మళ్ళ అప్పుడే. థియేటర్‌కు రాని ముసలోళ్ళు మంచాలు తెచ్చుకొని చూసిండ్రు. వాళ్ళు కొనని టికెట్లకు నష్టం కట్టడం ఎట్లనో నాకు అంతుబట్టదు.

‘దసరా’ రెండోసారికి అంత బాగా నిలవలేదు. రైలు మీది బొగ్గు దొంగతనం, సిల్క్ బార్ చుట్టూ తిరిగే మొగోళ్ళు, ఎలక్షన్ల సారా, ఇవన్నీ ఇప్పటికీ బిగువుగానే ఉన్నయి. నాని యాస కృత్రిమమని అప్పట్లో కొందరన్నరు గానీ, నాకు ఆ పేచీ లేదు. నా పేచీ తాళి సీన్‌తో. సూరి చచ్చినంక అతని భార్య వెన్నెలను విధవను చేస్తుంటే దోస్తు ధరణి (నాని) వచ్చి తాళి కడతాడు. థియేటర్‌లో చప్పట్లు. ఇంట్ల చూస్తే, ఆ పిల్లను ఒక్క మాట అడిగిండా వీడు అనిపిస్తది. కీర్తి సురేష్ ముఖంలో ఆ ప్రశ్న ఉంది, డైరెక్టర్ దాని మీద ఆగలేదు.

‘ఆర్ఆర్ఆర్’ దగ్గర మన బాధ ఇంకా లోతైంది. 2020 అక్టోబర్‌లో భీం టీజర్ వచ్చినప్పుడు ఆయన ముస్లిం టోపీ పెట్టిన షాట్ మీద గొడవైంది, అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపురావు గట్టిగానే హెచ్చరించాడు. ఆ గొడవ మబ్బులో అసలు సీన్ ఎవరికీ కనబడలేదు. అది సినిమా చివర్లో ఉంది. ఏం కావాలో కోరుకొమ్మని, ఆ పాటలో ఎగిరిన రెండోవాడు రాముడు అడిగితే భీం తన వాళ్ళకు చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. జోడేఘాట్ గుట్టల్లో నిజాం సైన్యంతో పోరాడి 1940లో ప్రాణమిచ్చిన మనిషి పేరు వింటేనే గోండు గూడేల్లో గుర్తొచ్చే నినాదం అది. దాన్ని ఆయనకు ఇంకొకరు రాసిస్తారా? భీం ఊరు విడిచి తిరిగిన రోజుల్లో చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన కథ చెప్పేవాళ్ళంతా చెప్తారు. రాజమౌళిది కల్పితమే, ఆయన ముందే చెప్పాడు. కానీ కల్పించేటప్పుడు కూడా పలక ఎవరి చేతిలో పెడుతున్నామన్నది చూసుకోవాలె.

దానికి జవాబుగా ఇంకో సినిమా ఎప్పుడో వచ్చింది. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీం’. భూపాల్ రెడ్డి హీరో. 1990లో తీశారు, థియేటర్ల ముఖం చూసింది 2010లో. ఇరవై ఏండ్లు డబ్బాల్లో పండుకున్న సినిమా. ‘ఆర్ఆర్ఆర్’ పక్కన పెడితే బడ్జెట్ చూసి నవ్వొస్తది, మనిషిని చూస్తే నవ్వు ఆగుతది.

ఈ వరుసలో వెనక్కి పోతూ పోతూ 1985 కాడ ఆగిన. 2025 జూలై 13న కోట శ్రీనివాసరావు పోయిన రోజు టీవీలన్నీ ‘ప్రతిఘటన’ కాశయ్యను చూపించినయి. కంకిపాడు మనిషి నోట మన యాస. ఆ పలుకుబడి, ఆ ఆగుడు, నిజంగా అద్భుతం. కోటను అనేదేం లేదు, ఆయన తన పని గొప్పగా చేసిండు. గూండా మంత్రికి, రౌడీకి, పనిమనిషికి మాత్రమే ఈ యాస రాసిన కలాల మీదనే కోపం. ఎందుకంటే అంతకు ముందే, 1979 నాటి ‘మా భూమి’లో, గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావు కలిసి ఈ భాషను నాయకుని నోట పెట్టి చూపించిండ్రు. దారి తెలియక కాదు, పోవాలనిపించక పోలేదు. ‘మా భూమి’ రామయ్య సాయిచంద్ మళ్ళీ 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ తండ్రిగా కనబడితే, ఎంతమంది గుర్తుపట్టారో గానీ, నాకు మాత్రం గడీ మీద తిరగబడ్డ పిల్లగాడు బిడ్డల తండ్రయి ఇంటికొచ్చినట్టు అనిపించింది.

మనవాళ్ళు సినిమాల్లో లేక కాదు. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల నాడే బొంబాయి పోయి హీరో అయి, 1980 దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తెచ్చుకున్నడు. హనుమాజీపేట సినారె 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలన్నీ తనే రాసి మద్రాసును తన వైపు తిప్పుకున్నడు. మనుషులు పోయారు, ఇంటి మాటను వాకిట్లో విడిచి పోయారు. దాన్ని లోపలికి తీసుకపోవడానికి ఇంకో తరం పట్టింది. 2025 ఆగస్టులో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’కు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత.

ఆ లోపలికి తీసుకపోయిన వాళ్ళలో సినిమావాళ్ళు కానివాళ్ళూ ఉన్నరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ పాత ఎపిసోడ్లు నేను ఇప్పటికీ పెట్టుకుంటా. అందులో నటించే గంగవ్వ చదువుకోలేదు, డైలాగు చెవితోనే పట్టి తన మాట చేసుకొని చెప్తది. ఆ వీడియోలు మొదట నవ్వుకు చూసినం. ఇప్పుడు వెనకాల పెంకుటిండ్లు, దొడ్లు, వాకిట్ల గోళాలు చూస్తున్నం. పదేండ్ల కిందటి ఊరు ఎట్లుండెనో ఏ ప్రభుత్వ ఆఫీసు దాచిపెట్టలేదు, వీళ్ళ వీడియోల్ల ఉంది.

2025 జూన్‌లో గద్దర్ పేరు మీద సినిమా అవార్డులిచ్చారు, 2023కు ‘బలగం’ ఉత్తమ చిత్రం. మంచిదే. గద్దర్ మొదట తెర మీద పాడుతూ కనబడ్డది ‘మా భూమి’లో. ఆ ‘బలగం’ తీసిన సంస్థ దిల్ రాజు గారిది. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఛైర్మన్ అయింది కూడా ఆయనే. అందుకే అడుగుతున్న. ‘శివ’కు, ‘బాహుబలి’కి యజమానులు ఉన్నరు, 4కే చేయించుకున్నరు. ‘మా భూమి’, నర్సింగరావు తీసిన ‘దాసి’, ‘కొమరం భీం’ మూడింటికీ మంచి ప్రింట్లు చేయించి కరీంనగర్, ఆదిలాబాద్ థియేటర్లల్ల ఒక్క వారం వెయ్యండి. ఏటా ఆశ్వయుజ పున్నానికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి సర్కారే జరుపుతది గద, ఆ రాత్రి అక్కడ ఒక తెర కట్టించండి. కరీంనగర్‌లో నా టికెట్ నేను కొనుక్కుంటా, జోడేఘాట్‌లో మాత్రం టికెట్ పెట్టకండి.