పడవలోంచి చూడాల్సిన వంతెన

బాగ్ లింగంపల్లిలో మా పక్క అపార్ట్‌మెంట్ మాస్టారు వోల్గా మీద ఓడ ప్రయాణం చేసొచ్చారు. అప్పట్నుంచీ ఎవరు దొరికితే వాళ్ళకి కాల్యాజిన్ గంట గోపురం ఫొటో చూపిస్తున్నారు. ఉగ్లిచ్ జలాశయం నింపినప్పుడు పాత ఊరు చాలావరకు మునిగింది, గోపురం మాత్రం నీళ్ళ మధ్య నిలిచింది. దారిలో ప్రతి కట్టడానికీ ఏడాదీ చరిత్రా మైకులో చెప్పారట. మన గోదావరి లాంచీల మైకులో సినిమా పాటలే. నెత్తిమీది వంతెన ఎవరు కట్టారో ఒక్క ముక్క వినబడదు.

హైదరాబాద్ వాళ్ళకి రాజమండ్రి ఆర్చ్ వంతెన రైల్లోంచే తెలుసు. తెల్లవారుజామున లేచి, రూపాయి విసిరి, దండం పెట్టి మళ్ళీ దుప్పటి ముసుగేస్తాం. దాని పనితనం అలా అందదు. పుష్కర ఘాట్ దగ్గర పడవెక్కి దాని కిందికి వెళ్ళాలి.

హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టిన ఈ వంతెన 1997లో పూర్తయింది. పొడవు సుమారు 2.7 కి.మీ. స్పాన్లు 28, ఒక్కోటీ 97 మీటర్ల పైమాటే. కాంక్రీటు కమాను బరువు పడేకొద్దీ రెండు కొసలనూ బయటికి తోస్తుంది. అడుగంతా ఇసుకైన నదిలో ఆ పక్కతోపును స్తంభాలకు వదిలేస్తే వాటిని ఎంత లావుగా కట్టాలో! ఇక్కడ పట్టాలు మోసే కాంక్రీటు దూలమే, వింటికి నారిలా, ఆ కొసలను లోపలికి బిగించి ఉంచుతుంది. అదే దూలం కమాను నుంచి దిగిన ఉక్కు తీగలకు వేలాడుతోంది కూడా. రైలు బరువు తీగల వెంట పైకెక్కి, కమాను వెంట దిగి, స్తంభం మీద నిటారుగా కూర్చుంటుంది. ఏ స్పాను బరువు దానిదే, పక్కదానికి అంటదు. చూపు ముందు కమాను వంపు మీదికే పోతుంది గానీ, అసలు తెలివి దాని కొస దూలాన్ని కలిసే చోట ఉంది.

పక్కనే హేవ్‌లాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, 56 స్పాన్లు. ఇలాంటి నదిలో పునాదికి బావులు దింపుతారు: కట్టిన బావి లోపల ఇసుక తోడేస్తుంటే అది తన బరువుకే కిందికి దిగుతుంది. ఒరిగితే రెండో వైపు ఎక్కువ తోడి నిలబెట్టాలి. ఆ పని ఎన్నిసార్లు చేశారో గానీ, ఆ వంతెన దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసింది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెనా పెద్దదే, కానీ బస్సెక్కినవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

హేవ్‌లాక్ మీద రైళ్ళు ఆపేశారు. దాన్ని తుక్కు కింద అమ్ముకోకుండా నిలుపుకోవాలి. ఆర్చ్ వంతెన ఎంత పొదుపుగా గోదారి దాటిందో తెలియాలంటే పక్కన ఆ 56 స్పాన్లు ఉండి తీరాలి.