అతీతత్వం – ఏకత్వం : ఒక పరిశీలన

లోకానికి అతీతమైన సత్యాన్ని ఏకేశ్వరవాద మతాలే భావించగలిగాయని, తక్కిన మతాలు ప్రకృతిశక్తుల ఆరాధన దగ్గరే ఆగిపోయాయని కొన్ని పుస్తకాల్లో మీరు చదివి ఉంటారు. పరీక్షలో రాయడానికి సులువైన వాక్యమే. కానీ ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పరమసత్యం లోకాన్ని మించినదా అన్నది ఒకటి. అది ఒకటా, అనేకమా అన్నది మరొకటి. వీటిని విడదీసి చూద్దాం.

మొదట పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం తీసుకోండి. మొసలి పట్టు విడవదు. ఏనుగు బలం సన్నగిల్లింది. మొర మొదట్లో అది ఏ దేవుణ్నీ పేరుపెట్టి పిలవదు. ఈ జగత్తుకు మూలమెవరో వారినే శరణు వేడుతుంది. అసలు అలాంటివాడు ఉన్నాడా అని మధ్యలో సందేహిస్తుంది కూడా. తక్కిన దేవతలు ఆ మొర విన్నా అడ్డుపడరు. విశ్వమంతా తామే అయినవారు కారు గనుక. అంటే, దేవతలు అనేకులున్న కథలోనే దేవతలందరినీ మించినది ఉంది.

ఇదీ ఏకేశ్వరవాదమే కదా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. తేడా గమనించండి. ఇస్లాంలో అల్లాహ్ మనిషికి మెడనరం కంటే దగ్గరగా ఉన్నా, సృష్టి ఎన్నటికీ సృష్టికర్త కాదు. పోతన దేవుడు లోకానికి ఆవల ఉంటూనే లోకమంతా తానే అయినవాడు. ఇద్దరూ అతీతులే, అతీతత్వం మాత్రం ఒకటి కాదు.

సృష్టికర్తనే అంగీకరించని మతాల మాటేమిటి? ఈ పాఠం రాస్తున్న మన్నెగూడ మీదుగానే నాగార్జునసాగర్ రోడ్డు పోతుంది. అక్కడి నాగార్జునకొండ ప్రాంతాన్ని క్రీ.శ. 3వ శతాబ్దంలో ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యం నిర్మాణానికి దానాలిచ్చింది. ఆమె శాసనాల్లో కనిపించే కోరిక నిర్వాణం. అది జనన మరణాలను దాటిన స్థితి. మొర ఆలకించే దేవుడు కాదు. ఇక జైనుల సిద్ధులు కర్మబంధం తెంచుకొని లోకాగ్రాన ఉంటారు. వారు దేన్నీ సృష్టించలేదు. పైగా వారి సంఖ్య అనంతం. అతీతం కావడానికి ఒక్కటే కానక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

కాబట్టి ఏ మతాన్ని చదివినా "దేవుళ్లెందరు?" అన్న ప్రశ్న దగ్గర ఆగకండి. "ఇది దేన్ని దాటమంటోంది?" అని అడగండి. సృష్టినా, నామరూపాలనా, దుఃఖాన్నా, కర్మనా? ఒక మతం కొలబద్దతో మరో మతాన్ని కొలిస్తే రెండోది ఎప్పుడూ పొట్టిగానే కనిపిస్తుంది. పుస్తకంలో మొదలైన ఆ చిన్నచూపు పొరుగువాడి దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి : మీ ఊరి పోచమ్మ ఆరాధనలో లోకాన్ని మించిన భావన ఉందా? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.