విజయలక్ష్మి వద్దన్న మాట

భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" పేరెత్తినప్పుడల్లా మనలో గర్వంతో పాటు చిన్న అసంతృప్తి కూడా కనిపిస్తుంది. 1902లో "హిందూ సుందరి"లో వచ్చిన ఈ కథ తొలి తెలుగు కథల్లో ఒకటి. కానీ అందులో విజయలక్ష్మి తనకోసం ఏమీ అడగదు. పండగపూట భర్త వెంకటరత్నం యజమాని సొమ్ము దొంగతనంగా తెస్తే, తప్పని చెప్పి తిరిగి ఇచ్చేట్టు చేస్తుంది. భర్తని దారిలో పెట్టే పతివ్రత కథే కదా అంటారు చాలామంది స్నేహితులు.

కాదనను. అయితే ఆమె ఎవరి మేలు కోసం మాట్లాడిందని అడిగినట్టే, ఎలా మాట్లాడిందని కూడా అడగాలి. గురజాడ "దిద్దుబాటు" (1910)లో కమలిని చదువుకున్నది. అయినా భర్తకి బుద్ధి చెప్పాల్సి వచ్చినప్పుడు ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. కథ నిండా గోపాలరావు మాటలే. ఆమె మనకి వినిపించేది ఆ ఉత్తరంలోనూ చివరి నవ్వులోనూ మాత్రమే. విజయలక్ష్మి అలా కాదు. భర్త ముఖం మీదే వద్దంటుంది. పైగా ఇంట్లో లేమి. ఆ డబ్బు ఆమెకీ అవసరమే. అవసరం ఉండీ వద్దనగలగటం, అదీ మొగుడి ఎదుట, తక్కువ సాహసం కాదు.

ఆ గొంతు అచ్చమాంబకి ఎక్కణ్ణించి వచ్చింది? కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో 1874లో పుట్టిన ఆమెకి బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో ఇంట్లోనే చదువుకుంది. స్త్రీలు సహజంగానే బలహీనులు, మందబుద్ధులు అనేవాళ్లకి జవాబుగా "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో, ముప్పై ఏళ్లకే, చనిపోయింది. కథ, సమాజం ఒకే ఏడాదివి కావటం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. వినే ఆడవాళ్లు ఎదురుగా ఉంటే గదా మాట్లాడే అలవాటు వచ్చేది!

ఇవాళ విజయవాడ కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం పేరుతో ఆడపిల్లలకి నిటారుగా నిలబడటం, నవ్వుతూ జవాబివ్వటం నేర్పుతున్నారు. ఇంటర్వ్యూకి పనికొస్తుంది, మంచిదే. కానీ "వద్దు" అనటం ఏ పాఠంలోనూ లేదు. మన సాహిత్య సభల్లో మాత్రం? ప్రార్థనాగీతం, వందన సమర్పణ మనవి. అధ్యక్షత వాళ్లది.

విజయలక్ష్మి "నాకు" అనే దాకా రాలేదన్నది నిజం. ఆ లోటు చెప్పాల్సిందే. కాకపోతే పాతివ్రత్యం అని ముద్ర వేసి ఆమె మాట వినకుండా వదిలేస్తే, నూరేళ్లు ఆ కథని పట్టించుకోని విమర్శకులకీ మనకీ తేడా ఏముంటుంది? ఈ రెండు కథల్నీ తరగతిలో పక్కపక్కనే పెట్టి పాఠం చెప్పి చూడండి. ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడారో పిల్లలే పట్టుకుంటారు.