వద్దన్నవాళ్లు ఏమయ్యారు?

ఒక జాతి మొత్తం ఒక్క క్షణంలో మాయమైపోయింది. కొండలు తొలిచి వాళ్లు కట్టుకున్న నగరాలు ఉన్నాయి. గోడల వెంట ఆవిరి గొట్టాలు ఇప్పటికీ బుసకొడుతున్నాయి. ఇత్తడి సాలీళ్లు, మరబంట్లు యజమానులు ఇంకా లోపలే ఉన్నట్టు కాపలా కాస్తున్నాయి. వాళ్లు మాత్రం లేరు. యుద్ధంలో ఓడి చచ్చారనడానికీ, మూటాముల్లె కట్టుకుని వలసపోయారనడానికీ ఆధారం దొరకదు.

2002లో బెథెస్డా విడుదల చేసిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మారోవిండ్’ ఆడినవాళ్లకి ఈ డ్వెమర్‌ల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం కింద వాళ్లకి లోర్ఖాన్ అనే దేవుడి గుండె దొరికింది. దేవుళ్లకి తలవంచని జాతి అది, లెక్కనీ యంత్రాన్నీ నమ్ముకుంది. వాళ్లలో అందరికంటే పెద్ద పండితుడు కాగ్రెనాక్. ఆ గుండెలోని శక్తిని రాబట్టడానికి మూడు పరికరాలు చేశాడు. గుండె మీద కొట్టే సుత్తి సండర్. వచ్చిన శక్తిని చెక్కి ఒక దారిన పెట్టే కత్తి కీనింగ్. ఆ రెండూ పట్టిన చేతిని కాపాడే తొడుగు రైత్‌గార్డ్. పొరుగున ఉన్న కైమర్ జాతి దీన్ని దైవద్రోహం అంది. యుద్ధమొచ్చింది. ఆ లోకపు కాలమానంలో మొదటి యుగం 700వ సంవత్సరం అది. యుద్ధం చివర, పర్వతం లోపల ఏదో జరిగింది.

ఏం జరిగిందో కనుక్కోమని గేమ్ మనల్నే పంపిస్తుంది. మంత్రవేత్తల సంఘానికి పెద్ద అయిన ట్రెబోనియస్ ఈ పని చెప్తాడు. ఎవర్ని అడగాలో, ఎక్కడ వెతకాలో చెప్పడు. మ్యాప్ మీద బాణం గుర్తు పడదు, ఆ గేమ్‌లో అలాంటి గుర్తులే లేవు. శిథిలాల్లో తిరిగి, పుస్తకాలు సంపాదించి, నిసిస్ అనే ఊళ్లో ఉండే బలాడస్ అనే ముసలి మంత్రగాడి దగ్గరికి పట్టుకెళ్లాలి. ఆయన చదివి, తనకి తోచింది చెప్తాడు. క్వెస్ట్ పూర్తయిపోతుంది. ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

అక్కణ్ణుంచే ఫ్యాన్ థియరీ మొదలవుతుంది. థియరీ అల్లడం నాకు కాలక్షేపం కాదు, చదవడం నేర్పిన పని. ఏ పుస్తకం తెరిచినా ముందు ఇది ఎవరు రాశారు, రాస్తే వాళ్లకేం లాభం అని అడగడం నాకు ఈ గేమ్ దగ్గరే అలవాటైంది.

ఉదాహరణకి, ఆ యుద్ధం గురించి గేమ్‌లో రెండు కథనాలున్నాయి. ఒకటి వివెక్‌ది. వివెక్ అప్పటి కైమర్ సేనాధిపతి నెరెవార్‌కి సన్నిహితుడు, తర్వాత అదే గుండె శక్తితో దేవుడైనవాడు. ఓడిపోతున్న కాగ్రెనాక్ తన పరికరాలు గుండె మీదికి తిప్పాడనీ, అతనూ అతని పక్కనున్నవాళ్లూ ఒక్కసారిగా కనబడకుండా పోయారనీ నెరెవార్ తమతో చెప్పాడంటాడు. రెండో కథనంలో ఆ పరికరాలు వాడింది నెరెవారే. అజురా అనే దేవత ఎలా వాడాలో నేర్పింది, డ్వెమర్‌లు యుద్ధభూమిలో సైన్యాల కళ్లముందే దుమ్ముగా రాలిపోయారు. ఒకచోట మాయం, ఇంకోచోట దుమ్ము. ఒకచోట చేసుకున్న పాపం, ఇంకోచోట పడిన శిక్ష. మొదటి కథనంలో నేరం చచ్చినవాడి మీదికి పోతుంది. పైగా చెప్తున్నవాడు కళ్లారా చూసినవాడు కాదు, విన్నవాడు. రెండోది వివెక్‌లాంటి దేవుళ్లని ఒప్పుకోని పక్షం దాచుకున్న కథ. ఎవరి మాటా పూర్తిగా నమ్మలేం, పూర్తిగా తీసెయ్యలేం. మారోవిండ్ రాసినవాళ్ల మీద నాకున్న గౌరవమంతా ఇక్కడుంది. ఆడేవాడు సాక్ష్యాన్ని తూకం వెయ్యగలడని వాళ్లు నమ్మారు.

థియరీల్లో బాగా పేరున్నవి మూడు. జాతి మొత్తం సర్వనాశనమైందని ఒకటి. వాళ్లు కోరుకున్నదే జరిగి మృత్యువు లేని ఏదో లోకానికి చేరారని రెండోది. వాళ్లు కడుతున్న న్యూమిడియం అనే ఇత్తడి మహాకాయంలో అందరి ప్రాణాలూ కలిసిపోయాయని మూడోది. అభిమానులకి ఈ మూడోదంటే మహా ఇష్టం. వినగానే ఒళ్లు జలదరిస్తుంది, నాకూ జలదరించింది. కానీ జలదరింపు ఆధారం కాదు.

నేను ఏ థియరీనైనా ఒకే చోట నిలబెట్టి అడుగుతాను. బలాడస్‌కి చూపించే పుస్తకాల్లో ఒకదాని పేరు ‘ది ఎగ్ ఆఫ్ టైమ్’. గుండె శక్తిని వాడటం ప్రమాదం అన్నవాళ్ల వాదనల్ని ఖండిస్తూ ఒక డ్వెమర్ రాసిన పుస్తకం. చాలామంది దీన్ని కాగ్రెనాక్ పథకానికి ఆధారంగా చూసి పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం అందులో ఇంకొకళ్లు కనిపిస్తారు. ఖండన రాశారంటే అభ్యంతరం చెప్పినవాళ్లు ఉన్నట్టే కదా! ఆ జాతిలో కొందరు లేచి ఇది వద్దన్నారు. వాళ్ల పుస్తకం మనకి దొరకలేదు, వాళ్ల పేర్లు తెలియవు. కానీ వాళ్లూ ఆ క్షణంలోనే మాయమయ్యారు.

ఇంతకంటే దూరంలో ఉన్నవాళ్లు రూర్కెన్ వంశం. కైమర్‌లతో పొత్తు కుదిరినప్పుడే, అంటే యుద్ధానికి చాలా ఏళ్ల ముందే, అది ఇష్టం లేక విడిపోయి పడమటికి వెళ్లిపోయారు. వాళ్ల నాయకుడు తన సుత్తి విసిరితే అది పడ్డచోట ఊరు కట్టుకున్నారని కథ. ఖండానికి ఆ చివర ఉన్నారు. రెడ్ మౌంటెన్‌తో వాళ్లకి పనే లేదు. అయినా వాళ్లూ పోయారు.

అందుకే “కోరుకున్నది సాధించారు” అనే థియరీ నాకు మింగుడుపడదు. ఎవరు కోరుకున్నారు? కాగ్రెనాక్ కోరుకున్నాడు. వద్దన్నవాళ్లని, దూరంగా పోయి తమ బతుకు తాము బతుకుతున్నవాళ్లని ఆ కోరికలోకి ఎవరు లాగారు? దీనికి జవాబు చెప్పని థియరీ ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో సగమే.

2011లో వచ్చిన ‘స్కైరిమ్’లో ఈ చిక్కుముడికి ఇంకో దారం దొరికింది. వింటర్‌హోల్డ్ కాలేజీలో ఆర్నియెల్ గేన్ అనే పండితుడు ఆ పాత క్షణాన్ని చిన్న ఎత్తున మళ్లీ జరిపించి చూడాలనుకుంటాడు. మన చేత డ్వెమర్ పళ్లచక్రాలు ఏరుకు రప్పిస్తాడు, కీనింగ్ తెప్పిస్తాడు. దేవుడి గుండె లేదు కాబట్టి దాని బదులు వికృతం చేసిన ఒక ఆత్మమణిని పెట్టి కత్తితో కొడతాడు. ఇంకోసారి కొడతాడు. కొడుతూ కొడుతూ మాయమవుతాడు. కీనింగ్ అక్కడే మిగిలి ఉంటుంది. ఆ తర్వాత మనం మంత్రం వేస్తే అతని నీడలాంటి రూపం వచ్చి మన పక్కన పోరాడుతుంది. దీంతో రహస్యం తేలిపోయిందని సంబరపడ్డవాళ్లున్నారు. నాకలా అనిపించలేదు. పక్కనే నిలబడి చూస్తున్న మనకి ఏమీ కాలేదు. కొట్టినవాడు పోతాడని ఆర్నియెల్ నిరూపించాడు. కొట్టనివాడు ఎందుకు పోవాలో అతను చెప్పలేకపోయాడు.

ఇక మళ్లీ మారోవిండ్‌కి వస్తే, మిగిలింది యాగ్రమ్ బగార్న్. టెల్ ఫిర్ అనే పుట్టగొడుగు మేడ అడుగున, కార్ప్రస్ రోగుల్ని ఉంచే గుహలో ఉంటాడు. శరీరం ఉబ్బిపోయి, కాళ్లు పనిచెయ్యక, ఇత్తడి సాలీడు కాళ్ల మీద కూర్చుని కదులుతుంటాడు. ఆ రోగం మనిషిని వికారం చేస్తుంది, కానీ ముసలితనం రానివ్వదు. అందుకే మూడున్నర వేల ఏళ్ల తర్వాత కూడా బతికున్నాడు. ఒకప్పుడు కాగ్రెనాక్ కింద పెద్ద పనివాడు. మేడ యజమాని ఇతని దగ్గర్నుంచి ఒక జత బూట్లు పట్టుకు రమ్మని మనల్ని పంపిస్తాడు. జాతి మొత్తంలో మిగిలిన ఒకే ఒక్కడి దగ్గరికి గేమ్ మనల్ని బూట్ల కోసం పంపుతుంది! ఎంత గొప్ప రచన అది. ఎవరి ముందు నిలబడ్డామో తెలియకుండానే నిలబడతాం.

ఆ క్షణంలో యాగ్రమ్ వేరే లోకంలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఎవరూ లేరు. ఖాళీ నగరాలన్నీ తిరిగి వెతికాడు. ఏమైందని అడిగితే రెండు మాటలూ చెప్తాడు. కాగ్రెనాక్ గెలిచి, ఎవరూ ఊహించని రీతిలో జాతి మొత్తం ఇంకో లోకానికి పోయి ఉండొచ్చు. లేదా లెక్క తప్పి అందరూ నాశనమై ఉండొచ్చు. ఆ లెక్కలు చూసి, పర్యవసానం ఊహించలేమని హెచ్చరించిన తర్కవేత్తలు ఉన్నారనీ చెప్తాడు. వద్దన్నవాళ్లకి ఇదే రెండో సాక్ష్యం. గురువుని దూషించడు, వెనకేసుకు రాడు. అందరికంటే తెలిసే అవకాశం ఉన్నవాడు తనకి తెలియదని ఒప్పుకుంటాడు. థియరీ రాయడానికి కూర్చున్నప్పుడల్లా నేను ముందు యాగ్రమ్ మాటలే మళ్లీ చదువుతాను.

మన దగ్గర 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని ఇంటింటా థియరీలు నడిచాయి. టీకొట్టు దగ్గర పెద్దవాళ్లు కూడా వాదించుకున్నారు. చాలా బాగుండేది. కానీ ఆ ప్రశ్నకి జవాబు వస్తుందని అందరికీ తెలుసు, రెండో సినిమా విడుదలైన రోజే ఆ థియరీలన్నిటికీ నూకలు చెల్లాయి. డ్వెమర్‌ల ప్రశ్నకి అలాంటి విడుదల తేదీ లేదు. తొందరపడి ఊహించి గెలిచేది లేదు కాబట్టి ఇక్కడ మెల్లగా చదివినవాడిదే రాజ్యం.

ఎల్డర్ స్క్రోల్స్ ఆరో భాగం వస్తుందని 2018 జూన్‌లో ప్రకటించారు. అందులో డ్వెమర్‌లు తిరిగి రావాలనీ, రహస్యం తేల్చెయ్యాలనీ కోరుకునేవాళ్లు చాలామంది. నేను కోరుకునేది వేరు. ఏ శిథిలంలోనో, తుప్పు పట్టిన అలమర వెనక, ఆ తర్కవేత్తల పుస్తకం ఒకటి దొరకాలి. కాగ్రెనాక్ లెక్కలో వాళ్లు చూసిన తప్పేమిటో, ఎవరి ముందు ఎంత గట్టిగా చెప్పారో, విననప్పుడు వాళ్లేం చేశారో చదవాలనుంది. రూర్కెన్‌లలాగా వెళ్లిపోదామనుకున్నారా? వెళ్లిపోయినా లాభం లేదని ముందే లెక్క కట్టారా? అది దొరికితే నా కాగితాలన్నీ పక్కన పడేసి మొదటినుంచీ రాసుకోడానికి నేను సిద్ధం.