సూది ఎక్కాక ఎంత దూరం నడిపారు?

ఎండలు ముదిరాయంటే తిరుపతి మెకానిక్ షెడ్ల ముందు బయటి ఊళ్ల నంబరు ప్లేట్లు పెరుగుతాయి. ఈ వారం అలాంటి ఒక షెడ్డులో చూసిన సంగతి నాకు కోపం తెప్పించింది. కొండెక్కుతూ హీటెక్కిన కారది. పిల్లలతో సహా కుటుంబమంతా బెంచీ మీద కూర్చునుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్‌లోకి తొంగిచూసి, "హెడ్డు దించాల్సిందే సామీ" అనేశాడు. అంటే ఇంజను పైభాగం ఊడదీయాలన్నమాట. ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. ముందు అడగాలి, తరవాత పరీక్షించాలి, ఆపైనే స్పానర్ పట్టాలి. ఫ్యాన్ తిరక్కపోయినా, హోస్ పైపు చిట్లినా, థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా టెంపరేచర్ సూది ఎక్కుతుంది. వెంటనే ఆపితే ఇంజనుకు ఏమీ కాకపోవచ్చు. చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతోందా? సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? కంప్రెషన్ గేజ్ పెడితే పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందని అనుమానించాలి. రేడియేటర్ మూతి దగ్గర పరీక్షకు పెట్టే నీలం ద్రవం పసుపుకు తిరిగితే మండిన గ్యాసు నీళ్లలోకి దూరుతోందన్నమాట. ఇదంతా హెడ్డు దించకుండానే తెలుస్తుంది.

మా పెదనాన్న అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. 1974లో రెండో ఘాట్ రోడ్డు రాకముందు, ఎక్కినా దిగినా 1944 నాటి పాత రోడ్డే గతి. బండి నిండా జనం, తక్కువ గేరు, ఎదురుగాలి లేని మలుపులు. ఆవిరి లేస్తే పక్కకు ఆపి బానెట్ ఎత్తేవాడు. బుసబుస తగ్గేదాకా మూత ముట్టనిచ్చేవాడు కాదు. తరవాత తడి గోనెపట్ట కప్పి, కొంచెం కొంచెంగా తిప్పేవాడు. ఇంజను తిరుగుతుండగానే సన్నని ధారగా నీళ్లు పోసేవాడు. "వేడి ఇనుము మీద చన్నీళ్లు కుమ్మరిస్తే పగులుతుందిరా" అని మాకు చెప్పేవాడు. అయితే ఆగడానికి చోటు దొరక్కపోతే, ఆవిరి కక్కుతున్న బండినే తరవాతి మలుపు దాకా లాగేవాడు కూడా. ఆ ఇంజను తట్టుకునేది. బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే కాబట్టి వేడికి ఒకే తీరున సాగేవి.

ఇప్పటి హెడ్డు అల్యూమినియం. ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు కదలనివ్వవు కాబట్టి వంగుతుంది. ఒప్పుకోదగిన వంపు చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే. దాన్ని కొలవాలంటే హెడ్డు దించి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాల్సిందే.

ఇదంతా మనసులో పెట్టుకుని కారాయన పక్కన కూర్చుని అడిగాను. "సూది పైకి పోయింది సార్. కాసేపటికి దానంతటదే దిగింది. సరే కదా అని పైదాకా పోనిచ్చాను" అన్నాడు.

నా కోపం అక్కడే దారి మార్చుకుంది. నీళ్లన్నీ ఆవిరైతే సెన్సర్‌కు తగలడానికి నీళ్లుండవు. అప్పుడు సూది దిగుతుంది, ఇంజను మాత్రం కాలుతూనే ఉంటుంది. మెకానిక్ రేడియేటర్‌లో చూసింది ఆ ఖాళీనే. అడక్కపోవడం తప్పే. తీర్పు మాత్రం సరైనదే. అలా నడిచిన ఇంజను ఈరోజు పరీక్షలన్నీ దాటినా, వంగిన హెడ్డు మీద గ్యాస్కెట్ కొన్నాళ్లకైనా వదిలేస్తుంది.

అందుకే ఈసారి నా మాట మెకానిక్‌లకు కాదు, బండి నడిపేవాళ్లకు. తిరుమల ఘాట్ అయినా, మొగిలి ఘాట్ అయినా, సూది ఎక్కగానే ఏసీ కట్టేసి, పక్కకు తీసి ఇంజను ఆపండి. నడుస్తుండగానే సూది దానంతటదే దిగితే మొదట కూలెంట్ అయిపోయిందేమోనని అనుమానించండి. షెడ్డుకు వెళ్లాక, అడక్కపోయినా, ఎంత దూరం నడిపారో ఉన్నదున్నట్టు చెప్పండి. అది దాస్తే హెడ్డు దించమనే నేనూ చెబుతాను.