వంశవృక్షాన్ని పట్టికలోకి దించే నేర్పు

వంశావళులు చెన్నైకి కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహాయకులూ ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలు, కైఫీయతులు, ఇక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. జమీందారుల, పాలెగాళ్ల వంశక్రమాలు వాటిలో వచనంగా సాగుతాయి. ఎవరికి ఎవరు పుట్టారో చదువరి తానే అల్లుకుంటాడు. కంప్యూటరు అలా అల్లుకోలేదు. దానికి ప్రతి బంధుత్వాన్నీ విడిగా, స్పష్టంగా చెప్పాలి. అలా చెప్పే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి వంశవృక్ష సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ చదివే జెడ్‌కామ్, రెండోది ఇంటింటా తెలిసిన స్ప్రెడ్‌షీట్. ఒకదాన్ని రెండోదానిలోకి మార్చడంలో ఎంత పనితనం ఉందో విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

జెడ్‌కామ్‌ను అమెరికాలోని మోర్మన్ చర్చి కుటుంబ చరిత్ర విభాగం 1984లో రూపొందించింది. ఇది మామూలు అక్షరాల ఫైలే. ప్రతి పంక్తి ఒక అంకెతో మొదలవుతుంది. సున్నా అంటే కొత్త మనిషి లేదా కొత్త కుటుంబం. ఒకటి అంటే ఆ మనిషి గురించిన విషయం: పేరు, పుట్టుక, మరణం. రెండు అంటే ఆ విషయానికి సంబంధించిన వివరం: పుట్టుక కింద తేదీ, ఊరు. ఎంత లోతైన సమాచారమైనా ఈ అంకెల మెట్ల మీదే నిలబడుతుంది.

అసలు తెలివి కుటుంబాన్ని విడి రికార్డుగా పెట్టడంలో ఉంది. భార్య వివరాలను భర్త రికార్డులో రాయరు, పిల్లల పేర్లను తండ్రి రికార్డులో రాయరు. ప్రతి మనిషికీ ఒక గుర్తు సంఖ్య, ప్రతి దాంపత్యానికీ ఒక గుర్తు సంఖ్య ఉంటాయి. కుటుంబ రికార్డు భర్తనూ భార్యనూ పిల్లలనూ ఆ సంఖ్యలతోనే చూపిస్తుంది. మనిషి రికార్డు కూడా తాను ఏ కుటుంబంలో బిడ్డో, ఏ కుటుంబంలో భర్తో భార్యో చెబుతుంది. దత్తత వెళ్లిన బిడ్డకు కన్నవారి కుటుంబం, పెంచినవారి కుటుంబం రెండూ చూపించవచ్చు. ఏది దత్తతో పక్కనే రాయడానికి చోటుంది.

ఈ అమరిక బలమెంతో మన మేనరికాల దగ్గర తేలుతుంది. అక్క కూతుర్ని తమ్ముడు పెళ్లాడాడనుకోండి. వాళ్లకు పుట్టిన బిడ్డకు తండ్రి వైపు తాతా నాయనమ్మా ఎవరో, తల్లి వైపు ముత్తాతా తాతమ్మా వాళ్లే. కాగితం మీద చెట్టు గీస్తే ఆ దంపతులను రెండు చోట్ల రాయాలి. జెడ్‌కామ్‌లో ఆ అవసరం రాదు. మనిషి ఒక్కసారే ఉంటాడు, ఎన్ని దారులైనా అతని సంఖ్య దగ్గరికే చేరతాయి.

ఇక దీన్ని అడ్డు గళ్లూ నిలువు గళ్లూ ఉన్న పట్టికలో పరచాలి. 2001లో మొదలైన గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి చక్కటి దారి వేసింది. ఒకే ఫైలులో ఖాళీ వరుసలతో విడదీసిన పట్టికలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిదానిలో మనుషులు: గుర్తు, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఊరు. రెండోదానిలో పెళ్లిళ్లు: పెళ్లి గుర్తు, భర్త గుర్తు, భార్య గుర్తు. మూడోదానిలో కుటుంబం గుర్తు (అంటే ఆ పెళ్లి గుర్తే), బిడ్డ గుర్తు. వరుసకు ఒక్క బిడ్డే. అందువల్ల ఒకరికి ఇద్దరు పిల్లలున్నా పన్నెండుమంది ఉన్నా కొత్త కాలమ్‌లు చేర్చనక్కర్లేదు, వరుసలు పెరుగుతాయంతే.

ఈ పట్టికల్లో గ్రాంప్స్ బ్రాకెట్లలో ఇచ్చే గుర్తు సంఖ్యలను అలాగే ఉంచి, షీటులో తప్పులు దిద్ది తిరిగి ఎక్కిస్తే, గ్రాంప్స్ కొత్త మనుషులను పుట్టించదు, పాతవారి వివరాలనే సరిచేస్తుంది. షీటులోకి రాని ఫొటోలూ ఆధారాలూ అసలు వృక్షంలో అలాగే ఉంటాయి.

జాగ్రత్త అంతా గళ్లలో ఉంది. జెడ్‌కామ్ ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య పెడుతుంది. ఆ గీతలు పేరుకు ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. ఇంటిపేరు ముందు రాసే మనకు ఇది సరిగ్గా కుదిరింది. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకునే మార్పిడి మాత్రం మన వంశాన్ని తలకిందులు చేస్తుంది. తమిళనాట ఇనీషియల్ అంటే తండ్రి పేరు. కాబట్టి నెల్లూరులో అన్నగారి పిల్లల ఇనీషియల్ ఇంటిపేరుది, చెన్నైలో చదివిన తమ్ముడి పిల్లలది తండ్రి పేరుది కావచ్చు. జెడ్‌కామ్ ఒకే మనిషికి రెండు పేర్లు ఒప్పుకుంటుంది. షీటులో దానికి మరో కాలమ్ కేటాయించాలి.

తేదీలు మరీ సున్నితం. ఎక్సెల్ లెక్క 1900 జనవరి 1తో మొదలవుతుంది. 1893లో పుట్టిన ముత్తాత తేదీ దానికి వట్టి అక్షరాలే, వరుసలో పేరిస్తే తప్పు చోట కూర్చుంటుంది. అందుకే తేదీల కాలమ్ మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చి, సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాయాలి. ప్రభవలో పుట్టానని మాత్రమే చెప్పే అవ్వ ఉంటే? అది 1927, 1928ల మధ్య పడే ఏడు. జెడ్‌కామ్‌లో ఫలానా రెండేళ్ల మధ్య అని రాయవచ్చు. ఊహించిన సంవత్సరం వేసి, ఆమె చెప్పిన మాటను పక్కనే ఉంచడానికి కూడా వీలుంది. తెలిసినంతే చెప్పాలన్న నిజాయతీ ఈ ఫార్మాట్ నిర్మాణంలోనే ఉంది.

తెలుగు లిపికీ ఇప్పుడు ఇబ్బంది లేదు. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0 రూపం, అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిని తప్పనిసరి చేసింది. షీటును కూడా అదే యూటీఎఫ్-8లో భద్రపరిస్తే అక్షరాలు చెదరవు.

ఇంతా చూశాక ఒకటి స్పష్టం. ఈ మార్పిడికి ప్రాణం గుర్తు సంఖ్య. పేర్లు కలుస్తాయి, ఊళ్ల పేర్లు మారతాయి, మద్రాసు చెన్నై అవుతుంది, సంఖ్య మాత్రం మనిషిని వదలదు. మీ ఇంట్లో వంశావళి షీటు ఉంటే ఈరోజే మొదటి కాలమ్ చేర్చి మనిషికో సంఖ్య ఇవ్వండి, పెళ్లిళ్లకూ పిల్లలకూ వేరే పట్టికలు వేయండి. ఒకసారి జెడ్‌కామ్‌లోకి మార్చి, మళ్లీ షీటులోకి తెచ్చి, మనుషుల లెక్క, పెళ్లిళ్ల లెక్క సరిపోయాయో చూడండి. సరిపోతే రెండు ఫైళ్లూ దాచండి, చుట్టాలకూ పంపండి.