అనంతపురం కరవు నేల - రేడియో మాట: ‘ఎప్పుడు’కు, ‘ఎందుకు’కు నడుమ

వ్యాససంగ్రహం:
స్థానిక రేడియోలో సమాచారానికి ఉన్న చోటు వార్తకు లేదు. ఈ విభజన కరవు ప్రాంత శ్రోతకు ఏ మాటను దూరం చేస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆకాశవాణి, స్థానిక రేడియో, వార్త, కరవు, అనంతపురం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు ప్రసార చరిత్రను 1938లో మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో కడప కేంద్రాల వరుసలో చెప్పుకోవడం పరిపాటి. ఈ కేంద్రాల నాటకం, సంగీతం, సాహిత్య ప్రసంగాలపై పరిశోధన జరిగింది. వార్తాభాషపై దృష్టి తక్కువ. అనంతపురానికి ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం ఉన్నా, తెలుగు ప్రాంతీయ వార్తలకు హైదరాబాద్, విజయవాడలే కేంద్రాలు.

2. నిబంధనల స్వరూపం:
ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. అయినా 2006 నాటి సామాజిక రేడియో మార్గదర్శకాలు వార్తలను నిషేధించాయి. 2011 నాటి మూడో దశ విధానం ప్రైవేటు ఎఫ్.ఎం.లకు ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా ప్రసారం చేసే వీలు మాత్రమే ఇచ్చింది. వాతావరణం, విద్యుత్తు, నీటి సరఫరా ప్రకటనలను వార్తేతరాలుగా వర్గీకరించింది.

3. విశ్లేషణ:
ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వేరుశనగ ఊడలు దిగే దశలో వాన ముఖం చాటేస్తే పంట చేతికి రాదు. బీమా ప్రీమియం గడువు ఎప్పుడో చెప్పడం సమాచారం. పరిహారం ఎందుకు రాలేదని అడగడం వార్త. నీళ్లు ఎప్పుడు వస్తాయన్నది ప్రకటన. ఎందుకు రాలేదన్నది వార్త. ‘ఎప్పుడు’ను అనుమతించి ‘ఎందుకు’ను ఆపిన చోట కరవు ప్రకృతి వైపరీత్యంగానే వినిపిస్తుంది, దాని వెనుకనున్న నిర్ణయాలు వినిపించవు.

జహీరాబాద్ సమీపంలోని మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియో మెట్టసేద్యపు స్త్రీల మాండలికానికి ప్రసారగౌరవం తెచ్చింది. యాసకు తలుపు తెరుచుకున్నా, వార్తపై నిషేధం దానికీ వర్తించింది.

వదంతులు వ్యాపిస్తాయన్న భయం ఈ నిషేధానికి సమర్థన. అదే ప్రశ్న జిల్లా పత్రికలో అచ్చవుతుంది, టెలివిజన్ చర్చలో వినిపిస్తుంది. అక్షరం రానివారికీ అందే మాధ్యమానికే ఈ ఆంక్ష ఉండటం అసంగతం.

4. ముగింపు:
రేడియో చరిత్రను కేంద్రాల స్థాపన తేదీలతోనే కొలవడం చాలదు. ఏ కేంద్రం నుండి ఏ ప్రశ్న అడగగలిగారన్నదీ ఆ చరిత్రలో భాగం కావాలి. సీమ మాండలిక అధ్యయనం యాస దగ్గరే ఆగక, ఆ యాసలో ‘ఎందుకు’ అనే మాటకు దక్కిన చోటును కూడా పరిశీలించవలసి ఉంది.